గొట్టం ఊడితే

విశాఖపట్నం,
9 ఆగస్టు 1993

మావయ్యకు సూసన్న రాస్తున్నది,

కవరు మీద నా దస్తూరీ చూసి కంగారు పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ నాలుగేళ్లలో నేను నీకు నాలుగు క్రిస్మస్ కార్డులు పంపాను. నువ్వు నాకు రాసింది ఒకే ఒక్క కార్డు, అదీ అత్త పోయినప్పుడు. "మీ సుజాతమ్మత్త మంగళవారం ప్రభువునందు నిద్రించినది" అని ఒక్క ముక్క. అది నాకు అందేటప్పటికే సమాధి చేసి ఐదు రోజులైంది. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచిన మనిషి ఆవిడ. ఆ సంగతి ఇప్పుడు ఎత్తదలచుకోలేదు, పని ఉండి రాస్తున్నాను.

"ఆడకూతురికి స్టీరింగు ఏటే? లూకాని సేసుకుని గార్డుగారి పెళ్లామనిపించుకో" అని నువ్వు కేకలేసిన రోజే కదా నేను ఆ గుమ్మం దాటాను. ఇక్కడ ఎమిలీ మేడమ్ నడిపే డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పుతున్నాను. మేడమ్ దగ్గర ఒక చిన్న ఎర్ర కారు ఉంది. దానికి డిక్కీ ఉండదు, వెనక అద్దంతో సహా తలుపే పైకి లేస్తుంది. మేమిద్దరం ముచ్చటపడి దానికి పెద్ద ఇంజను వేయించాం. ఇప్పుడది పలుపు తెంచుకున్న కోడెదూడ. ఉరకడం వచ్చు, ఆగడం రాదు. అరవై వేగంలో బ్రేకు తొక్కితే నా అంగలతో ముప్పై ఏడు అంగలు పోతే గాని నిలబడటం లేదు.

జనవరిలో అనంతగిరి ఘాట్ రోడ్డు మీద ఇక్కడి కార్ల పిచ్చివాళ్లు పోటీ పెట్టుకుంటున్నారు. కొండ ఎక్కి దిగాలి. పేర్లిచ్చిన ఇరవై మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఎక్కడానికి భయం లేదు, దిగడానికే భయం. ఒక పక్కంతా లోయ. మలుపులో కారు ఆగకపోతే నేను ఉండను.

నువ్వు ముప్పై ఏళ్లుగా రైళ్లకు బ్రేకులు బిగిస్తున్నావు. ఈ ఒక్క కారు ఆగే ఉపాయం చెప్పు.

సూసన్న

*

ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్,
20 ఆగస్టు 1993

సూసన్నకు మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం మొదట నిలబడి చదివాను, తర్వాత కళ్లజోడు పెట్టుకుని కూర్చుని చదివాను. ముప్పై ఏడు అంగలా! నీ అంగలు నాకు తెలుసులే, చిన్నప్పుడు చర్చికి నా వెనకాల పరిగెత్తేదానివి. యాభై వ్యాగన్ల గూడ్సును ఆపినవాణ్ణి, నీ అగ్గిపెట్టె నాకొక లెక్కా? వర్క్‌షాపులో ఈనాటికీ నేను తల ఊపందే ఒక్క వ్యాగను బయటికి కదలదు. ఫోర్‌మన్ అంతటివాడు "ఆర్థర్ దాదా, ఏక్ బార్ దేఖ్ లీజియే" అంటూ, ఒక్కసారి చూసిపెట్టమని నా దగ్గరికే వస్తాడు.

చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ముందు బ్రేకు ఆయిలు మొత్తం వంపేసి కొత్తది పొయ్యి. పాత ఆయిలు తడి పీల్చుకుని ఉంటుంది. కొండ దిగేటప్పుడు వేడెక్కితే అది మరిగి బుడగలు లేస్తాయి, పెడలు మెత్తబడి కిందికి పోతుంది. తర్వాత చక్రాల డ్రమ్ములు విప్పి, లోపలి బ్రేకు షూల మీద చాక్‌పీసు రుద్ది, మళ్లీ బిగించి, చక్రం తిప్పుతూ మెల్లగా బ్రేకు వెయ్యి. విప్పి చూడు. సుద్ద చెరిగిన చోటే షూ తాకుతున్నట్టు, చెరగని చోట తాకనట్టు. చెరిగిన మిట్టను ఉప్పుకాగితంతో గీకి మళ్లీ సుద్ద రుద్దు. అంతటా సమంగా చెరిగేదాకా వదలకు. ఓపిక లేకపోతే కొండ జోలికి పోకు.

క్వార్టరు ఎలా ఉందని నువ్వు అడగలేదు. బాగానే ఉంది. ఒక పూట వండుకుని రెండు పూటలా తింటున్నాను. ఆదివారం చర్చిలో మన బెంచీ మీద నేనొక్కణ్ణే కూర్చుంటున్నాను. పక్కకు ఎవరూ రారు, మీ అత్త చోటని మర్యాద కాబోలు.

ఆయిలు మార్చాక ఎన్ని అంగలో రాయి. తప్పకుండా రాయి.

మీ మావయ్య
ఆర్థర్

*

విశాఖపట్నం,
18 అక్టోబరు 1993

మావయ్యా,

ముప్పై రెండు! ఒక్క సుద్దముక్కతో, ఒక్క డబ్బా ఆయిలుతో ఐదు అంగలు తగ్గాయి. తెల్లారే హార్బరు రోడ్డు మీద గీత గీసి, బ్రేకు తొక్కి, దిగి అంగలు లెక్కపెడుతుంటే వాకింగుకొచ్చిన ముసలాయన "ఏం పారేసుకున్నావమ్మా?" అని తనూ వెతకడం మొదలుపెట్టాడు. మేడమ్ నవ్వలేక చచ్చింది.

నీ మూడు ఉత్తరాలూ అందాయి. ఒకదానికి జవాబు రాసేలోపే ఇంకొకటి దిగుతోంది, వర్క్‌షాపులో నీకు పని లేదా ఏమిటి?

కొత్త సంగతి. ముందు చక్రాల డ్రమ్ములు పీకేసి, ఒక పెద్ద కారు డిస్కులు వేయించాం. ఇరవై ఏడు అంగలకు దిగింది. కాని పెడలు ఎంత గట్టిగా ఉందంటే, నాలుగుసార్లు తొక్కేసరికి నా మోకాలు వణుకుతోంది. అందుకని ఇక్కడి మెకానిక్ ఒక వాక్యూమ్ బూస్టరు తెచ్చాడు, మూకుడు మీద మూకుడు బోర్లించినట్టు ఉంటుంది. ఇంజను నుంచి ఒక రబ్బరు గొట్టం దానికి వస్తుంది. ఇంజను గాలి పీలుస్తుంటే ఆ పీల్పే మన కాలికి సాయం చేస్తుందట. గొట్టానికి సరిపోయే క్లిప్పు దొరకలేదని బైండింగు తీగ చుట్టాడు. "ఊడితే ఏమవుతుంది?" అని అడిగితే "ఊడదమ్మా" అంటాడు. నేనడిగింది అది కాదు కదా.

వాక్యూమ్ అంటే నీ సొంత సరుకు. గొట్టం ఊడితే ఏమవుతుంది, మావయ్యా?

అన్నట్టు ఒక పూట వండుకుంటున్నానన్నావు. ఏం వండుతున్నావు?

సూసన్న

*

ఖరగ్‌పూర్,
28 అక్టోబరు 1993

సూసీ,

వాక్యూమ్ అన్నావా! ఓరి దేవుడా, మొదటే చెప్పవేం? నేను పుట్టిందే వాక్యూమ్ సిలిండరు పక్కన.

విను. మన రైలు కింద ఇంజను నుంచి చివరి డబ్బా దాకా ఒక పైపు ఉంటుంది. ఇంజను దాంట్లో గాలిని లాగేస్తుంది. లోపల గాలి లేనంతసేపూ బ్రేకు వదులుగా ఉంటుంది, బండి నడుస్తుంది. పైపు ఎక్కడ తెగినా, గొట్టం ఊడినా, గాలి లోపలికి దూరుతుంది. దూరగానే బ్రేకు దానంతటదే పడుతుంది. ప్రయాణికుడు గొలుసు లాగితే జరిగేది కూడా అదే. తప్పు జరిగితే బండి ఆగిపోవాలి గాని పరిగెత్తకూడదని పెద్దలు ఆలోచించి పెట్టిన ఏర్పాటు. ముప్పై ఏళ్లలో ఇది తప్పగా నేను చూడలేదు.

కాబట్టి నీ గొట్టం ఊడితే నీ కారు ఆగిపోతుంది, అంతే. కంగారుపడి పెడలుతో కుస్తీ పట్టకు. కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని కూర్చో. బ్రేకు పడుతుంది. తీగ చాలు. నేను చెబుతున్నాను కదా.

నువ్వు అడిగావు గనక రాస్తున్నాను. పప్పు, లేకపోతే గోల్‌బజారులో దొరికిన చేప. మీ అత్త చేతి పులుసు ఎన్నిసార్లు పెట్టినా రావడం లేదు. ఆవిడ ఏం వేసేదో నేనెప్పుడూ అడగలేదు, వండి పెడితే తినడమే.

ఇంకా ఏమేం అనుమానాలున్నాయో అన్నీ ఒక కాగితం మీద రాసుకుని అడుగు.

మావయ్య

*

విశాఖపట్నం,
18 డిసెంబరు 1993

మావయ్యా,

క్రిస్మస్ శుభాకాంక్షలు. ఇరవై నాలుగు అంగలు! పెడలు మీద బొటనవేలు ఆనిస్తే చాలు, కారు ముక్కు నేలకు ఆనించి ఆగుతోంది.

జనవరి రెండు, ఆదివారం తెల్లారే ఘాట్ మీద ప్రాక్టీసు. పోటీ పదహారున. ఇప్పుడు భయం లేదు. గొట్టం సంగతి మెకానిక్ చెబితే నమ్మలేదు, నువ్వు చెప్పాక దిగులు పోయింది.

పోటీ అయ్యాక సెలవు పెట్టి ఖరగ్‌పూర్ వద్దామనుకుంటున్నాను. అత్త సమాధి చూడాలి. నిన్ను కూడా.

సూసన్న

*

టెలిగ్రాం
ఖరగ్‌పూర్, 1 జనవరి 1994

గొట్టం ఊడితే బ్రేకు పడదు. నేను రాసింది తప్పు. కారు తియ్యకు. ఆర్థర్.

*

ఖరగ్‌పూర్,
1 జనవరి 1994

సూసీ,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. ఎస్‌టీడీ బూతులో గంటన్నర కూర్చున్నాను. మీ స్కూలు ఫోను మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు, కొత్త సంవత్సరం సెలవనుకుంటాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆదివారం దాటిపోతుందని తెలుసు. అయినా చేతులు ఊరుకోవడం లేదు.

చర్చి అయ్యాక ఇందా పేటలో ఎర్రయ్య గ్యారేజీకి వెళ్లాను. మనవాడే, శ్రీకాకుళం వైపు. నా మేనకోడలి కారు ఇరవై నాలుగు అంగల్లో ఆగుతోందని, గొట్టం ఊడినా దానంతటదే ఆగుతుందని గొప్పగా చెప్పాను. వాడు నవ్వడం మొదలెట్టాడు.

"ఊడితే ఆగిపోతాదా? ఎవులు సెప్పినారు దాదా నీకు? అది నీ రైలు కాదు. రా, ఒకపాలి ఎక్కి తొక్కు."

అక్కడ బూస్టరున్న వ్యాను ఒకటి ఉంది. గొట్టం పీకి, ఇంజను వైపు రంధ్రం మూసి, నన్ను కూర్చోబెట్టాడు. తొక్కాను. రాయి తొక్కినట్టుంది, కిందికి దిగదు. రైల్లో గాలి దూరితే బ్రేకు పడుతుంది. కార్లో గాలి దూరితే సాయం పోతుంది, మొత్తం బలం మనిషే పెట్టాలి. రెండూ ఒకటే అనుకున్నాను. నేను నీకు కాలు తియ్యమని రాశాను. తియ్యకు తల్లీ, రెండు కాళ్లతో తొక్కు.

యేసయ్యా, ఆ టెలిగ్రాం వేళకు చేర్చు.

మావయ్య

*

విశాఖపట్నం,
10 జనవరి 1994

మావయ్యకు,

టెలిగ్రాం అందింది. ఉత్తరం కూడా అందింది. పోటీకి వెళ్లడం లేదు. కారు పక్కన పెట్టేశాం. నేను బాగున్నాను. పని ఎక్కువగా ఉంది, రాయడానికి వీలు పడదు.

సూసన్న

*

ఖరగ్‌పూర్,
17 జనవరి 1994

సూసీ,

నీ కార్డు మీద అక్షరాలు రెండో తరగతి పిల్ల రాసినట్టున్నాయి. అన్నీ ఎడమకు పడిపోతున్నాయి. నీకు అక్షరాలు దిద్దించిన చెయ్యి నాది, నాకు తెలియదా? నువ్వు ఎడమ చేత్తో రాశావు.

కుడి చేతికి ఏమైంది? టెలిగ్రాం ఎప్పుడు అందింది? దాచకు. ఇక్కడ ఒక్కణ్ణీ కూర్చుని నేను ఊహించుకుంటున్నవి నిజం కంటే ఘోరంగా ఉన్నాయి.

మావయ్య

*

విశాఖపట్నం,
12 ఫిబ్రవరి 1994

మావయ్యా,

కుడి భుజం దగ్గర కాలరు ఎముక విరిగింది. కట్టు మొన్ననే విప్పారు. ఈ ఉత్తరం మూడు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. టెలిగ్రాం సోమవారం వచ్చింది, నేను పడింది ఆదివారం.

మేడమ్ నా పక్కన కూర్చోవాల్సింది, జ్వరం వచ్చి ఆగిపోయింది. కొండ దిగుతున్నాను. ఐదో మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడలు కర్రలా అయిపోయింది. గొట్టం ఊడిందని నాకు వెంటనే తెలిసింది మావయ్యా. తెలిసి ఏం చేశానో విను. కాలు తీసేశాను. నువ్వు రాశావు కదా, కుస్తీ పట్టకు, బ్రేకు పడుతుంది అని. స్టీరింగు తిన్నగా పట్టుకుని, నీ మాట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. కారు ఇంకా జోరు అందుకుంది. ఎదురుగా మలుపు, దాని అవతల ఏమీ లేదు, ఉత్త ఆకాశం. అప్పుడు రెండు కాళ్లతో తొక్కి, గేరు దించి, హ్యాండు బ్రేకు లాగి, కొండ గోడకేసి కొట్టాను. లోయ వైపు తిప్పి ఉంటే నీకు ఈ సంగతి మేడమ్ రాసేది, బహుశా ఒక్క ముక్కలో.

నీకు చెప్పకూడదనే అనుకున్నాను. ముసలాయన కుమిలిపోతాడని. కాని నువ్వు దాచకు అన్నావు చూడు, అప్పుడు నాకు ఒళ్లు మండింది. దాచింది ఎవరు? నీకు కారు సంగతి తెలియదని ఒక్క మాట రాస్తే ఏం పోయేది? నేను నిన్ను తక్కువ చేసేదాన్నా? ఈ ఊళ్లో మెకానిక్కులు లేకనా నీకు రాశాను? సుద్దముక్క సంగతి వాళ్లకు తెలియదనుకున్నావా? నాలుగేళ్లు నీకు నాకు మధ్య మాట లేదు. ఏదో ఒకటి అడిగితే జవాబు రాస్తావు కదా అని అడిగాను. నువ్వు జవాబు రాసి నన్ను చంపబోయావు.

చాలా కోపంగా ఉంది. రాశాక కూడా తగ్గలేదు.

సూసన్న

*

ఖరగ్‌పూర్,
24 ఫిబ్రవరి 1994

సూసీ,

ఇది మనం మాటాడుకునే మాటల్లోనే రాస్తన్నాను. పుస్తకం మాటలెట్టి రాస్తే మల్లీ గొప్పలకి పోతానేమో అని బయం.

నాకు తెలీదు. కారు సంగతి నాకేటీ తెలీదు. బతుకులో ఒక్కనాడు స్టీరింగు ముందు కూకోలేదు, ఎర్రయ్య కూకోబెట్టిందే మొదలు. ఆయిలు సంగతి వాడు సెప్పిందే, నాదని రాసినాను. నాకొచ్చింది ఆ సుద్ద ఒక్కటే.

ఇంకోటి. నాను తల ఊపితే వ్యాగను కదులుతాదని రాసినాను కదా. అది అబద్దం. వాక్యూమ్ పోయి ఎయిర్ బ్రేకులొచ్చినాయి. నాకు కొత్త పని రాదని ఏడాదిన్నర కితమే టూల్ రూము కిటికీ దగ్గర కూకోబెట్టినారు. టోకెన్ తీసుకుని స్పానరు ఇస్తాను. స్పానరు తీసుకుని టోకెన్ ఇస్తాను. నన్ను ఎవులూ ఏటీ అడగరు. "దాదా, పద్దెనిమిది నంబరు" అంటారు, అంతే. ఇంటికొస్తే ఆ మాట కూడా ఉండదు. కొన్ని ఆదివారాలు పాస్టరుగారికి వందనాలు సెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంటాది.

అలాటప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నువ్వు అడిగిన దానికోసం ఇందా తిరిగినాను, సైకిలు మీద హిజ్లీ పోయి కాలేజీ వర్క్‌షాపు మేస్త్రీని అడిగినాను. వారమంతా నాకు పనుండేది. తెలీదని రాస్తే నువ్వు ఇంకొకర్ని అడుగుతావు, నాకు ఉత్తరం రాదు. అందుకని తెలుసన్నాను. నీ పేనం కంటే నా ఉత్తరం ఎక్కువైపోయింది నాకు. ఆ ఇసయం రాస్తంటే సిగ్గుతో సచ్చిపోతన్నాను.

మీ అత్తకాడ కూడా అంతే. సమాధి ఒక్క రోజు ఆపి టెలిగ్రాం ఇచ్చుంటే నువ్వు వచ్చేదానివి. నిన్ను ఎల్లగొట్టింది నాను. నీ మొకం ఎలాగ సూడాలో తెలీక ఆపలేదు. మూడు రోజులు "సూసి వచ్చిందేటి?" అని అడుగుతానే పోయింది ఆవిడ. అది నీకు సెప్పకుండా ఒక్క ముక్క రాసి పారేసినాను.

నన్ను సెమించమని అడగడానికి కూడా నాకు మొకం లేదు. అయినా అడుగుతన్నాను, సెమించు తల్లీ. బుజం నెప్పి తగ్గిందా? సెయ్యి పైకి ఎత్తగలవా? నాకు సెప్పడానికి ఇంక ఏటీ లేదు, అడగడానికే ఉంది.

మావయ్య

*

విశాఖపట్నం,
9 మార్చి 1994

మావయ్యా,

చెయ్యి భుజం దాకా లేస్తోంది, పైకి లేవదు. ఎత్తినప్పుడల్లా నొప్పీ వస్తోంది, నీ మీద కోపమూ వస్తోంది. అత్త నన్ను అడిగిందని రాసిన చోట ఉత్తరం మడిచి పెట్టేశాను, రెండు రోజులు మళ్లీ తియ్యలేదు. క్షమించానని ఈ కాగితం మీద రాస్తే అబద్ధమవుతుంది. మన ఇద్దరికీ ఇంక అబద్ధాలు వద్దు.

కాని నువ్వు ఆ కిటికీ దగ్గర రోజంతా కూర్చుంటావన్నది నా మనసులోంచి పోవడం లేదు. పాసు రాయించుకుని సెలవు పెట్టి రా. పులుసులో ఏం వేయాలో నాకు తెలుసు, అత్త నాకు చెప్పింది.

వచ్చే వారం నుంచి మళ్లీ పాఠాలు మొదలుపెడుతున్నాను. నా మొదటి శిష్యుడివి నువ్వే, యాభై ఆరేళ్లని సాకులు చెప్పకు. ఎర్ర కారు కాదు, స్కూలు కారు. అందులో నేర్పేవాళ్ల వైపు కూడా ఒక బ్రేకు పెడలు ఉంటుంది. నువ్వు స్టీరింగు పట్టుకో. తెలియని చోట తెలియదను, నేను ఆపుతాను.

సూసి